మెదడుకు కొసరు

ముందే చెబుతున్నాను, నేను చెప్పేదాంట్లో సగం తరుగు తీసేసి చదువుకోవాలి. గిద్దలూరు బజారులో నా సంగతి తెలిసిన వాళ్ళందరూ ఆ పనే చేస్తారు. దుకాణం వెనక పిల్లి కనబడితే నేను ఇంట్లోకి పరుగెత్తి, నల్లమల నుంచి చిరుతపులి దిగిందని చెబుతాను. మా ఆవిడ పద్మ తాలింపు వేస్తూనే తరుగు తీసుకుని, గిన్నెలో కాసిని పాలు పోసి గుమ్మం బయట పెట్టి వస్తుంది. మీరూ అలాగే చేయండి. ఒక్క భయం దగ్గర మాత్రం తరుగు తీయొద్దు. దాన్ని నేను పెంచి చెప్పడం లేదు. పెంచడానికి చోటు లేనంత పెద్దదిగా వచ్చింది అది.

మాది కిరాణా దుకాణం. మా నాయన పెట్టింది. కందిపప్పు అందరి దగ్గరా ఒకటే, ఉప్పు అందరి దగ్గరా ఒకటే. నా దగ్గర అదనంగా దొరికేది మాట. పావుకిలో పెసలకు వచ్చిన మనిషికి పెసర చేను దగ్గర మొదలుపెట్టి పెసరట్టు దాకా చెప్పి పంపుతాను. ఈలోగా వాళ్ళు ఎక్కాల్సిన బస్సు నంద్యాల పోయి తిరిగొస్తుంది, డ్రైవరు కూడా దిగి వింటాడు. ఊళ్ళో పెళ్ళయితే మైకు నా చేతికే ఇస్తారు. ఇవ్వడానికి ఒకడు చాలు, లాక్కోవడానికి మగపెళ్ళివారంతా రావాలి.

మాట తర్వాత నా దుకాణానికి పేరు తెచ్చింది కొసరు. తూకం సరిగ్గా వేశాక, కాటా మీద అంకె నిలిచాక, పైన ఇంకొక్క చిటికెడు, ఇంకొక్క పలుకు వేసి ఇస్తాం. అది తూకంలోకి రాదు, ధరలోకి రాదు. కొసరు వేయని శెట్టి దుకాణం ముందు మా వైపు ఆవు కూడా నిలబడదు. నాయన నాకు నేర్పిన వ్యాపారమంతా ఒక్క మాటలో ఉంది. "చాలు అన్న తర్వాత ఏసేదేరా మనిషికి గుర్తుండేది" అనేవాడు.

ఆ మాటే నా ప్రాణం మీదికి తెచ్చింది.

కార్తీకం ఆఖరి రోజులు. పొద్దున రాచర్ల నుంచి ఓబులమ్మ వచ్చింది. గొర్రెలూ మేకలూ ఉన్న ఇల్లు, ఏళ్ళ తరబడి మా దుకాణం మనిషి. బెల్లం అడిగింది. అచ్చు పగలగొట్టి తూకం వేశాను. కొసరు కోసం చిన్న ముక్క అందుకోబోతే కుడి చెయ్యి లేవలేదు. ఎవరో మర్చిపోయి వెళ్ళిన సంచి మాదిరి బల్ల మీద పడి ఉంది. "ఓబులమ్మా, ఈ బెల్లం చూడు" అని ఏదో గొప్ప చెప్పబోయాను. బెల్లం దగ్గరే మాట ఆగిపోయింది. నాలుక తడిసిన గోనెపట్టాలా నోట్లో మడతపడి, "బ్ళ... బ్ళ..." అని ఒక చప్పుడు బయటికొచ్చింది.

ఓబులమ్మ పగలబడి నవ్వింది.

"చాల్లే శెట్టీ, పొద్దన్నే నీ ఏషాలు! కొసరు ఎగ్గొట్టేదానికి మూగోడివైనావా?"

ఇంకోసారి ప్రయత్నించాను. మళ్ళీ అదే చప్పుడు. పక్క దుకాణం వాళ్ళు కూడా తొంగి చూసి నవ్వారు. తరుగు తీయొద్దన్నది ఇక్కడే. జీవితమంతా నవ్వించిన వాడు చచ్చిపోతున్నా జనం నవ్వుతారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. నా కళ్ళ ముందు బజారు బజారంతా నవ్వుతోంది. నేను లోపల కేకలు పెడుతున్నాను. ఆ కేకలు నాకు తప్ప ఎవరికీ వినపడడం లేదు.

ముందు ఆగింది ఓబులమ్మ నవ్వే.

"శెట్టీ... నీ మూతి ఏంది అట్ల పక్కకు పోయినాది?"

చేతిలో బెల్లం కింద పడేసి, బల్ల వెనక్కి వచ్చి, నేను కూలకముందే చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. నేను తేలికైన మనిషిని కాను. బియ్యం బస్తా నన్ను చూసి సిగ్గుపడుతుంది. ఆమె మాత్రం కొవ్విన పొట్టేలును పట్టుకున్నట్టు పట్టుకుని, ఇల్లంతా అదిరేలా కేక వేసింది. "పద్మమ్మా! బిన్నా రా! శెట్టికి ఏందో అయినాది!"

మా నాయన సంగతి చెప్పకపోతే నా భయం మీకు అర్థం కాదు. ఆయనకు కూడా ఇదే దుకాణంలో, ఇదే బల్ల వెనక పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తిరిగొచ్చాయి గాని మాట రాలేదు. ఒక్క మాట మిగిలింది. "పొట్లం." దాహమైనా పొట్లమే, కోపమొచ్చినా పొట్లమే. నేను పక్కన కూర్చుంటే తల మీద చెయ్యి వేసి మెత్తగా "పొట్లం" అనేవాడు. పోయేదాకా అంతే.

కారు వెనక సీట్లో పద్మ ఒళ్ళో తల పెట్టుకుని నేను చావు గురించి ఆలోచించలేదు. నాకు ఏ మాట మిగులుతుంది? అదొక్కటే ఆలోచించాను. నేను రోజంతా ఎక్కువగా అనే మాట "చిల్లర లేదు". బతికినన్నాళ్ళూ పద్మ మొహం చూసి "చిల్లర లేదు, చిల్లర లేదు" అనాల్సి వస్తుందా?

కారు నడుపుతున్నది పద్మ తమ్ముడు శ్రీను. బజారులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నన్ను చూడడానికి అద్దాన్ని నా వైపు తిప్పుకుని, రోడ్డు చూడడం మానేశాడు. బేస్తవారిపేట దాటాక నా నాలుక విచ్చుకుంది. చెయ్యిలోకి చీమలు పాకినట్టు ప్రాణం వచ్చింది. "పద్మా" అన్నాను. సరిగ్గానే వచ్చింది. ఇక ఆపలేదు. ఆపితే మళ్ళీ పోతుందేమోనని, మార్కాపురం దాకా కనబడిన ప్రతి బోర్డూ చదివాను. పలకల ఫ్యాక్టరీల పేర్లు, లారీల వెనక రాతలు, గోడల మీద చీరల దుకాణం ప్రకటనలు, అన్నీ చదివాను. మామూలుగా అయితే పద్మ "కొంచేపు నోరు మూస్తారా?" అంటుంది. ఆ రోజు అనలేదు. తల ఊపుతూ కూర్చుంది. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది అదే.

మార్కాపురం డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. "మెదడుకు పోయే రక్తనాళంలో చిన్న గడ్డ అడ్డం పడి, దానంతట అదే కరిగింది. ఇది హెచ్చరిక. మళ్ళీ వస్తే కరుగుతుందని నేను హామీ ఇవ్వలేను" అంది. రక్తం గడ్డ కట్టకుండా రెండు రకాల మాత్రలు రాసింది. బీపీకి ఒకటి, కొవ్వుకు ఒకటి. నీరసంగా ఉందని నేను గొణిగితే, విటమిన్ మాత్ర ఒకటి రాసి, "రోజుకొకటి చాలు" అంది.

అందరి డాక్టర్లకూ ఒక మనవి. కిరాణా శెట్టితో "చాలు" అనకండి. మా చెవిలో ఆ మాట పడగానే చెయ్యి కొసరు కోసం లేస్తుంది.

పుష్యమాసం చలిలో నా వైద్యం డాక్టరమ్మ చేతిలోంచి శ్రీను చేతిలోకి పోయింది. వాడు ఫోన్లు విప్పేవాడే గాని, ఆ ఫోన్లలోని వీడియోలన్నీ చూసి సగం వైద్యుడయ్యాడు. ఒకరోజు దుకాణానికి వచ్చి, గొంతు తగ్గించి, రహస్యం చెప్పినట్టు చెప్పాడు.

"బావా, మన మెదడు కణాలు దినామూ తుప్పు పడతాంటాయంట. యాంటీ ఆక్సిడెంట్లని ఉంటాయి. విటమిన్ ఇ, విటమిన్ సి. అవి పోయి తుప్పును ఆపేస్తాయంట. దోర్నాల చెక్‌పోస్టు తెలుసు గదా? దొంగ కలప లారీ ఒక్కటైనా దాటుతుందా? అట్ల!"

"ఎన్ని ఏసుకోవాలంట?"

"చెక్‌పోస్టుకు ఒక గార్డు ఉంటే మేలా, పదిమంది ఉంటే మేలా? నువ్వే చెప్పు."

నేనే చెప్పాను. భయపడిన మనిషికి లెక్కలు బాగా వస్తాయి. విటమిన్ ఇ గోలీలు తేనెచుక్కను గాజులో బంధించినట్టు మెరుస్తూ ఉంటాయి. పొద్దున ఒకటి, దానికి కొసరు ఒకటి. రాత్రికి ఒకటి, దానికీ కొసరు. తెచ్చిన డబ్బా అయిపోతే మా అమ్మాయి హారిక అద్దం దగ్గర దాచుకున్న వాటి మీద పడ్డాను.

"నాయనా! అవి నేను మొహానికి రాసుకునేవి!"

"మొహం పోతే పౌడరుంది తల్లీ. మెదడు పోతే ఏం రాసుకునేది?"

విటమిన్ సి మాత్రలు నారింజ రుచిగా ఉంటాయి. బల్ల మీద సీసాలో పెట్టుకుని, గిరాకీ లేనప్పుడల్లా పిప్పరమెంటులా చప్పరించాను. పొదిలి నుంచి పిన్నమ్మ వచ్చి ఇంకో డబ్బా ఇచ్చింది. మెదడుకు మంచిదని శ్రీను "ఒమేగా" అనే పెద్ద గోలీల సీసా తెస్తే, పద్మ దాన్ని పసుపు కుంకుమల పక్కన దేవుడి గూట్లో పెట్టింది. వారం తర్వాత హారిక దాని మీది అక్షరాలు చదివి, "అమ్మా, ఇది చేప నూనె!" అని అరిచింది. ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే ఇల్లు మాది. పద్మ గూడంతా కడిగింది. సీసాను మాత్రం పారేయలేదు. నా మొహం వైపు చూసి, దాన్ని నా మంచం కింద పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళింది. ఆమె ఎంత భయపడుతోందో నాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లోనే ఒక అలవాటు పడింది. లేవగానే మంచం మీద కూర్చుని దుకాణంలోని సరుకుల పేర్లు పైకి చదువుతాను. కందిపప్పు, మినప్పప్పు, పెసలు, శనగలు, జీలకర్ర, మెంతులు, ఆవాలు, ధనియాలు, చింతపండు. నోరు తిరుగుతోందో లేదో చూసుకోవడానికి. బెల్లం ఆఖరున. ఆ మాట దగ్గర ఒకసారి పడ్డవాణ్ణి కాబట్టి, దాని దగ్గరికి వచ్చేసరికి ఆగేవాణ్ణి. గొంతు సవరించుకుని, ఊపిరి తీసుకుని, కాలవ దూకినట్టు "బెల్లం" అనేవాణ్ణి. ఆ తర్వాతే కాఫీ.

శివరాత్రి దగ్గర పడేసరికి ఒంటి మీద మచ్చలు మొదలయ్యాయి. ఎక్కడ ఏది తగిలినా కమిలి నీలంగా మారేది. జబ్బ మీద ఒక మచ్చ ప్రకాశం జిల్లా పటంలా ఉంది. కనిగిరి వైపు ఇంకా పెరుగుతోంది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం.

"విషం బయటికి పోతాంది బావా," అన్నాడు శ్రీను ధైర్యంగా. "పని చేస్తాండాయన్నమాట."

నాకూ అలా నమ్మడమే బాగుంది. పద్మ మాత్రం శ్రీశైలం మొక్కుకుంది. జాతర రద్దీ పెరగకముందే పోయి వద్దామని, ముగ్గురం శ్రీను కారులో బయల్దేరాం. నా గోలీలన్నీ ఒక గుడ్డసంచిలో వేసి శ్రీను ముందు సీట్లో పెట్టుకున్నాడు.

దోర్నాల్లో ఇడ్లీ తిందామని రోడ్డు పక్క హోటల్ ముందు ఆగాం. మాల వేసుకున్న స్వాములు గుంపులు గుంపులుగా శివనామం పలుకుతూ ఘాటు వైపు నడుస్తున్నారు. బస్సులు, జీపులు, హారన్లు. నా ఇడ్లీ మీద ఎర్రచుక్క పడింది. కారం చట్నీ అనుకున్నాను. ఇంకో చుక్క. తర్వాత చుక్కలు కావు, ధార. ముక్కులోంచి.

నా మామూలు లెక్కలో చెప్పాలంటే, ఆ రక్తాన్ని కాలవ తీసి పంపితే కంభం చెరువు అలుగు పారేది. తరుగు తీసి చెప్పినా, పద్మ కొంగు తడిసింది, నా చొక్కా తడిసింది, ఎంతసేపటికీ ఆగలేదు. హోటల్ నడిపే ఆమె గల్లా వదిలేసి పరుగున వచ్చింది. ఉతికి మడత పెట్టిన సొంత తువాలు తెచ్చి నా ముక్కుకు అదిమి పట్టింది.

"తల ముందుకు వంచు అన్నా, మింగబాక. అట్లే పట్టుకో. ఓ తమ్ముడూ, గుడి యాడికీ పోదు, కారు మార్కాపురం దిక్కు తిప్పు."

తువాలు తిరిగి ఇవ్వడం గురించి పద్మ ఏదో అంటే, "దాని మొగం చూస్తావా, నీ మొగుడి మొగం చూస్తావా? పో తల్లీ" అని కారు తలుపు తనే మూసింది.

దారిలో తల నొప్పి మొదలైంది. నిజంగా నొప్పా, భయమా, ఇప్పటికీ తెలియదు. ముక్కులోంచి కారేది కనబడుతోంది. తల లోపల కారుతుంటే ఎవరికి కనబడుతుంది? ఒకసారి గడ్డ కట్టి మాట పోయింది. ఈసారి పుర్రెలో రక్తం నిండి, ఉన్న మాటలన్నీ అందులో మునిగిపోతున్నాయేమో. ఎదురుగా స్వాములు వస్తూనే ఉన్నారు. కారు నత్తలా పోతోంది. నేను మాట్లాడి చూసుకుందామంటే నోటి మీద తువాలు ఉంది. శ్రీను హారన్ మీద పెట్టిన చెయ్యి తీయలేదు. వాడి చెవుల వెనక చెమట కారుతోంది. వాడు ఏడుస్తున్నాడని పద్మ తర్వాత చెప్పింది.

ఆస్పత్రిలో ముక్కులో దూది కూరి రక్తం ఆపారు. "తల స్కాన్ తీద్దాం" అంది డాక్టరమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు కాక పద్మ వైపు చూసింది. నాకు అది చాలు.

స్కాన్ గది బయట ఇనుప కుర్చీలు. అందరం ఒకే తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. టీవీలో ఎవరో శబ్దం లేకుండా వంట చేస్తున్నారు. నా పక్కన తర్లుపాడు నుంచి వచ్చిన ఒకామె, తలకు కట్టుతో ఉన్న అత్తను భుజానికి ఆనించుకుని కూర్చుంది. నా ముందు లోపలికి పోయిన ముసలాయన బయటికి వచ్చేదాకా నేను ఆయన చెప్పుల వైపే చూశాను. ఆయన మళ్ళీ వచ్చి అవి తొడుక్కుంటే నేనూ బతుకుతాననిపించింది. తొడుక్కున్నాడు. ఎడమది కుడికాలికి. అది మంచి శకునమో చెడ్డదో తేల్చుకునే లోపల నన్ను పిలిచారు.

"కదలొద్దు. మాట్లాడొద్దు" అన్నారు లోపల.

తల గుండ్రటి యంత్రంలోకి పోయింది. మాట్లాడొద్దంటే మనసులోనే మొదలుపెట్టాను. కందిపప్పు, మినప్పప్పు, పెసలు, శనగలు. జీలకర్ర, మెంతులు, ఆవాలు, ధనియాలు. చింతపండు.

ఆ తర్వాతది దొరకలేదు.

వస్తువు కనబడుతోంది. రంగు కనబడుతోంది. ఈగలు వాలకుండా కప్పిన తడిగుడ్డ కనబడుతోంది. నాలుక మీద తీపి కూడా తెలుస్తోంది. పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట గోడకు మేకు ఊడిన గుంత మాదిరి ఒక ఖాళీ. చుట్టూ తిరిగాను. మళ్ళీ కందిపప్పు నుంచి వచ్చాను. మళ్ళీ అదే గుంత. అయిపోయింది అనుకున్నాను. ఒక్కొక్కటే పోతాయి. ముందు ఇది, తర్వాత చింతపండు, తర్వాత హారిక, తర్వాత పద్మ. చివరికి ఒక్కటి మిగులుతుంది.

బయటికి రాగానే పద్మ లేచి నిలబడింది. ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అడిగాను.

"పద్మా, చెరుకు నుంచి చేస్తారే, గడ్డగా ఉంటుంది, పొంగలిలో వేస్తావు. దాన్ని ఏమంటారు?"

"ఏమండీ, ఇప్పుడు కూడా ఎగతాళేనా..." అని మొదలుపెట్టి, నా కళ్ళలోకి చూసి ఆగిపోయింది. పెదవులు తడుపుకుంది. పసిబిడ్డకు గోరుముద్ద పెట్టినట్టు మెల్లగా అంది. "బెల్లం."

"బెల్లం" అన్నాను నేను.

"ఆ. బెల్లం" అంది. తర్వాత నీళ్ళ కోసమని వరండాలోకి వెళ్ళి, నీళ్ళు లేకుండా తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

డాక్టరమ్మ పిలిచేదాకా నేను ఆ మాటను లోపలే నములుతూ కూర్చున్నాను.

"మెదడులో రక్తస్రావం లేదు" అంది డాక్టరమ్మ ముందుగానే. పెద్ద మనసు ఆమెది. కొందరు అది చివర చెబుతారు. మాట మర్చిపోయిన సంగతి పద్మ చెబితే, చేతులూ కాళ్ళూ ఆడించి చూసింది, నాచేత నాలుగు మాటలు అనిపించింది. "కొత్త దెబ్బ ఏమీ కనబడలేదు. రక్తం పోయింది, పొద్దుటి నుంచి తిండి లేదు, పైగా ఇంత భయం. అట్లాంటప్పుడు ఇంటిపేరు కూడా గుర్తుకు రాదు. అయినా కనిపెట్టుకుని ఉందాం" అంది. తర్వాత నా జబ్బ మీది ప్రకాశం జిల్లా పటాన్ని పరీక్షగా చూసింది. "నేను రాసినవి కాక ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"లేదమ్మా."

అబద్ధం కాదు. విటమిన్లను ఎవరైనా మందులంటారా? కానీ శ్రీను నిజాయితీపరుడు. "మందులు కావు మేడం, విటమిన్లే" అని గుడ్డసంచి ఆమె బల్ల మీద బోర్లించాడు. తేనెరంగు గోలీలు, నారింజ మాత్రలు, చేప నూనె, అన్నీ దొర్లాయి. రెండు గోలీలు ఆమె స్టెతస్కోపు కింద దాక్కున్నాయి.

"ఇవన్నీ ఎవరు రాసిచ్చినారు?"

"మీరు రాసింది ఇదొక్కటేనమ్మా," అన్నాను. "మిగతావి కొసరు."

ఆమె నవ్వలేదు. ఒక గోలీ తీసుకుని వెలుగులో చూసింది.

"శెట్టిగారూ, మీ దుకాణంలో శనగనూనె డబ్బా మూత తీసి ఎండలో వదిలేస్తే ఏమవుతుంది?"

"పాడైపోయి కంపు కొడుతుందమ్మా."

"గాలి తగిలి పాడవుతుంది. మెదడులో కూడా కొవ్వు ఎక్కువే. అదీ అట్లాగే పాడవకుండా ఒంట్లోనే కొంత కాపలా ఉంది. విటమిన్ ఇ, సి ఆ కాపలాలోవే. మీ బామ్మర్ది విన్నది అబద్ధమేం కాదు. ప్రయోగశాలలో కణాల మీద చూస్తే అవి కాపాడినట్టే కనబడతాయి. కానీ మనిషి వాటిని మాత్రలుగా మింగితే మెదడుకు అంత మేలు జరుగుతుందని గట్టిగా తేలలేదు. ఒంట్లో వాటి లోపం ఉంటే అది వేరే సంగతి. కూరల్లో, పండ్లలో, పల్లీల్లో ఉన్నది తినండి, చాలు." ఆ చివరి మాట అని, నా చేతుల వైపు అనుమానంగా చూసింది.

"మరి ఈ రక్తం?"

"గడ్డ కట్టకుండా నేను రెండు మాత్రలిచ్చాను. విటమిన్ ఇ ఎక్కువైతే అదీ అటువైపే లాగుతుంది. చేప నూనె దానికి తోడై ఉండొచ్చు. అన్నీ కలిసి రక్తాన్ని ఆగనీయలేదు. అదృష్టం, ముక్కులో కారింది. అదే తలలో కారి ఉంటే..."

ఆ వాక్యం ఆమె పూర్తి చేయలేదు. ఎదుటివాళ్ళ వాక్యాలు పూర్తి చేయడమే వృత్తిగా బతికిన నేను కూడా చేయలేదు.

"మందుకు కొసరు లేదు శెట్టిగారూ" అంది గోలీలను సంచిలోకి తోస్తూ.

బయటికొచ్చాక తర్లుపాడు ఆమె అత్తకు బత్తాయి వలిచి పెడుతోంది. మా మొహాలు చూసి ఏమనుకుందో, "తినన్నా, పొద్దున్నుంచి ఏం తిన్లేదట్లుంది" అని నా అరచేతిలో ఒక తొన పెట్టింది. నేను వెనక్కి తిరిగి డాక్టరమ్మ గది వైపు చూశాను. ఇందులోనూ విటమిన్ సి ఉంటుంది కదా! పద్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది. "తొన తినండి. చెట్టు తినబాకండి."

ఉగాదికి మచ్చలన్నీ పోయాయి. కనిగిరి ఆఖరున పోయింది. డాక్టరమ్మ తనకు సరైనదనిపించినప్పుడు రక్తం మాత్రల్లో ఒకటి ఆపింది. నేనుగా ఏదీ ఆపలేదు, ఏదీ కలపలేదు. హారిక గోలీలు హారిక అద్దం దగ్గరికి చేరాయి. శ్రీను కొన్నాళ్ళు మా గుమ్మం ఎక్కలేదు. నేనే పోయి, పాడవని ఫోను ఒకటి ఇచ్చి బాగుచేయమన్నాను. విప్పి చూసి, "ఏం లేదు గదా బావా" అన్నాడు. "అదే చెప్దామని వచ్చినా" అన్నాను. మర్నాటి నుంచి మళ్ళీ వస్తున్నాడు. వీడియోలు చూస్తూనే ఉన్నాడు గాని, చివర "డాక్టరమ్మను అడుగుదాం" అని కలుపుతున్నాడు.

ఓబులమ్మ వచ్చినప్పుడల్లా చేను గట్టు మీది మునగాకు తెచ్చి పద్మ చేతిలో పెడుతుంది. బెల్లం తూకం వేశాక ఒక్క మాట అంటుంది. "కొసరు కుడిచేత్తో ఎయ్యి శెట్టీ." వేస్తాను. చెయ్యి ఎంత ఎత్తు లేచిందో చూసి, అప్పుడు సంచి మూతి కడుతుంది.

ఎవరికైనా పనికొస్తుందేమోనని ఇదంతా రాశాను. రక్తం పలచబడే మాత్రలు వేసుకునే వాళ్ళు మంచివి కదా అని పక్కన ఇంకేవీ మింగకండి. మింగుతుంటే దాచకండి, సంచి బోర్లించి చూపించండి. మాట తడబడితే, మూతి వంకరైతే, ఆ మనిషి ఎంత వేళాకోళం మనిషైనా సరే, నవ్వే ముందు ఆస్పత్రికి తీసుకుపోండి. బజారులో ఇప్పుడు నేను హాస్యమాడితే, జనం ముందు నా మూతి చూస్తారు. తిన్నగా ఉందని తేలాకే నవ్వుతారు. ఆ మధ్యలో ఉండే రవ్వంత ఖాళీ నాకు కొత్త. అందులో నాక్కూడా భయం వేస్తుంది.

ఇప్పుడు ఆషాఢం. పొద్దున సరుకుల పేర్లు చదవడం మానలేదు. ఒకరోజు చింతపండు దాకా వచ్చి, కేవలం అల్లరికి ఆగాను. అప్పుడు తెలిసింది, వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయిందని. స్టవ్ మీద పాలు పొంగుతున్న వాసన వస్తోంది. ఎవరూ దించడం లేదు. తొంగి చూస్తే పద్మ పట్టకారు చేత్తో పట్టుకుని, గోడకు చెవి ఆనించినట్టు నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. ప్రతి పొద్దున ఇక్కడ ఇట్లాగే నిలబడుతోందన్నమాట.

ఆ రోజు నుంచి అక్కడ అల్లరి చేయడం లేదు. కందిపప్పు నుంచి మొదలుపెట్టి చింతపండు దాకా వస్తాను. లోపల చప్పుడు ఆగుతుంది. ఊపిరి తీసుకుంటాను.

"బెల్లం" అంటాను.

గిన్నెలు మళ్ళీ మోగుతాయి.